అయస్కాంతం గుమ్మం దాకా

పొద్దున ఆరూ నలభైకి తాండూరు స్టేషన్‌కు చేరాం. బండి ఏడూ పదికి. మా మహబూబ్ ఉస్తాద్ ఎప్పుడూ ఇంతే, రైలుకంటే ముందొచ్చి దానికి ఎదురుకోలు చేయకపోతే ఆయనకు తోచదు. టికెట్లు నేను తీశాను. వికారాబాద్‌కు ప్యాసింజర్‌లో మనిషికి పదిహేను రూపాయలు.

"ఉస్తాద్, 'మా ఉస్తాద్ ఒక్క కన్నుతోనే చూస్తడు, సగం టికెట్టియ్యి' అని కౌంటర్ల అడిగిన. ఇయ్యలే" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ రోజు ఆయన మనసారా నవ్వడం నేను చూసింది అక్కడే.

ప్రయాణం ఎందుకో చెప్పాలి. మహబూబ్ ఉస్తాద్ తాండూరు గనుల్లో షాబాదు బండలు తీసే పనిలో ముప్పై ఏళ్లున్నాడు. నేను ఏడో తరగతి సగంలో బడికి దండం పెట్టి, కొన్నాళ్లు తిరిగి, ఆయన దగ్గర పనికి చేరాను. ఆయన ఉలి పట్టుకుంటే నేను సమ్మెట వేసేవాణ్ని. పద్దెనిమిదేళ్ల కిందట, నాకు ఇరవై రెండేళ్లప్పుడు, ఒక మధ్యాహ్నం నేను వేసిన దెబ్బకు రాయి పెళ్ల ఎగిరి ఆయన ఎడమ కంటికి తగిలింది. కన్ను పోయింది. తప్పు రాయిదే, నాది కాదని ఉస్తాదే అందరికీ చెప్పాడు. ఆ తర్వాత నేను గని మానేసి, బండల పాలిష్ మిషన్ల ముందు చాయ్ డబ్బా పెట్టుకున్నాను. ఉస్తాద్ మాత్రం ఒంటి కన్నుతోనే పని చేశాడు. ఇప్పుడు రెండు నెలలుగా ఆ కుడి కంటిలోనూ పక్కలనుంచి చీకటి వస్తోంది. దారిలో ఎదురొచ్చే మేకలు కనిపిస్తాయి, పక్కన నిలబడ్డ మనిషి కనిపించడు. తాండూరు డాక్టర్ చూసి, తలలో కంటి నరం మీద ఏదో ఒత్తుతున్నట్టుంది, వికారాబాద్ వెళ్లి ఎమ్మారై తీయించండి, అది చూస్తే ఆపరేషన్ చేయొచ్చో లేదో తెలుస్తుంది, ఆలస్యం చేయొద్దు అని రాసిచ్చాడు. ఉస్తాద్‌కు పిల్లల్లేరు. ఆయన భార్య, మా భాబీకి మోకాళ్ల నొప్పి. అందుకని డబ్బా మూసి నేను బయల్దేరాను.

బండి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన జాగా దొరికింది. మాకెదురుగా కందిపప్పు సంచి కాళ్లమధ్య పెట్టుకుని ఒక ముసలాయన ఫోన్‌లో కన్నడంలో ఎవరినో తిడుతున్నాడు. ఆయన పక్కన ముప్పై దాటని ఒక అమ్మాయి, ఒళ్లో చుట్టిన పెద్ద చార్టుతో కూర్చుంది.

రుక్మాపూర్ వచ్చేదాకా నేను ఉస్తాద్‌ను ఏడిపించాను. మా డబ్బా దగ్గర చాయ్ తాగే వాళ్లందరికీ కంఠతా వచ్చిన పాత ముచ్చటే అది. కన్ను పోయిన ఆ వారమే ఉస్తాద్ తన మంచి ఉలిని పోగొట్టుకున్నాడు. ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియదన్నాడు. అప్పటినుంచి నేను ఆయన్ను ఉలి పోగొట్టుకున్న ఉస్తాద్ అనే పిలుస్తాను.

"చార్టు జర గట్టిగ పట్టుకో మేడం" అని ఆ అమ్మాయితో అన్నాను. "మా ఉస్తాద్ పక్కనున్న సామాన్లు మాయమైతయి. ఉలినే మాయం చేసిండు."

"చుప్ బైట్ నర్సిం" అన్నాడు ఉస్తాద్, కిటికీలోంచి చూస్తూ.

ఆమె వికారాబాద్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతుందట. రోజూ ఇదే బండి. చార్టులో ఏముందని అడిగితే విప్పి చూపించింది. ఒక గోడ, ఒక బంతి.

"క్వాంటం ఫిజిక్స్‌ల నోబెల్ బహుమతులొచ్చినయి గదా, వాటి గురించి ఇయ్యాల పిల్లలకు చెప్పాలె" అంది.

"బంతాటకు బహుమతా?"

"బంతిని గోడకు కొడితే ఏమైతది అన్నా?"

"ఎనక్కొచ్చి కొట్టినోని మూతి పగులుతది."

"కరెక్టే. కని ఎలక్ట్రాన్ అసుంటి సన్నదైతే, ఎప్పుడన్న ఒకసారి గోడకు ఆవలి దిక్కు తేలుతది. గోడకు రంధ్రం పడదు, అది పైనుంచి దుంకదు. ఇది పాత సంగతే. మొన్న బహుమతి వచ్చినోళ్లు చూపిచ్చిందేందంటే, ఒక్క ఎలక్ట్రానే కాదు, చేతిల పట్టేంత కరెంటు సర్క్యూట్‌ల లెక్కలేనన్ని కలిసి ఒక్కటే లెక్క నడుస్తయి, గవి గూడ గట్లనే గోడ దాటుతయి అని."

నేను జోకు వెతుక్కుంటుండగా ఉస్తాద్ ముందుకు వంగాడు. "గోడ మందం పెరిగితే?"

ఆమె ఆయన్ను కొత్తగా చూసింది. "పెరిగినకొద్ది దాటేది తక్కువైతది. అసలు లెక్కంత మందం మీదనే."

"మల్ల. మందం అడగకుండ ఏ పనీ కాదు" అని ఉస్తాద్ తృప్తిగా వెనక్కి ఆనుకున్నాడు.

దాంతో ఏమొస్తుందని నేను అడిగాను. కొత్తరకం కంప్యూటర్లు వస్తున్నాయట. కానీ వాళ్లు మొదలుపెట్టినప్పుడు అవి మనసులో లేవట. నిజమా కాదా చూద్దామని చూశారట. "మీరేడికి పోతున్నరు?" అని ఆమె అడిగితే ఎమ్మారైకి అని చెప్పాం. ఆమె మొహం వెలిగింది. అది గూడ ఆ బహుమతుల ఇంటి బిడ్డే అంది. పరమాణువు నడుమనున్న గింజ ఎట్లా తిరుగుతుందో కనిపెట్టినవాళ్లకు మొదట ఫిజిక్స్‌లో ఇచ్చారట, చాలా ఏళ్లకు దాంతో ఒంటి లోపలి బొమ్మలు తీసినవాళ్లకు వైద్యంలో ఇచ్చారట.

"మీ ఒంట్ల నీళ్లున్నయి గదా బాబా. ఆ నీళ్లల్ల హైడ్రోజన్. దాని నడిమి గింజ చిన్న అయస్కాంతం లెక్కుంటది. పెద్ద అయస్కాంతంల మిమ్ముల పండవెడితే అవి ఒక తీరుగ సర్దుకుంటయి. అప్పుడు రేడియో అలతోని ఒక్కసారి తట్టి ఇడుస్తరు. మల్ల సర్దుకునేటప్పుడు సన్నగ జవాబిస్తయి. మంచిగున్న జాగల ఒక తీరు జవాబు, చెడిన జాగల ఇంకో తీరు."

"అంటే బండను తట్టి ఇన్నట్టే గదా బేటీ" అన్నాడు ఉస్తాద్. గనిలో ఏ బండనైనా తీసేముందు సుత్తితో తట్టి వింటారు. లోపల పగులు లేకపోతే ఖంగుమంటుంది, ఉంటే గొంతు పూడుకుపోయినట్టు మోగుతుంది. ఉస్తాద్ ఆ సంగతి ఆమెకు చేతులు తిప్పుతూ చెప్పాడు. "ముప్పై ఏండ్లు నేను తట్టి ఇన్న. ఇయ్యాల నా తలకాయను తట్టి ఇంటరన్నట్టు. మంచిదే. తట్టినంక దాగదు."

ఆమె పెన్ను తీసి చార్టు మూలకు ఆ మాట రాసుకుంది. "ఇయ్యాల క్లాసుల ఇదే చెప్త బాబా."

బీడు భూములూ, కంది చేలూ, అక్కడక్కడ ఎర్రమట్టి గుట్టలూ దాటుకుంటూ ఎనిమిదీ ఇరవైకి వికారాబాద్‌లో దిగాం. ఆ మేడం వంతెనవైపు వెళ్లిపోయింది. స్టేషన్ బయట పూరీ ప్లేటు ముప్పై రూపాయలు, కూర పలుచన. చాయ్ గురించి చెప్పను, అదే వ్యాపారంలో ఉన్నవాడి మాట ఎవరూ నమ్మరు. ఉస్తాద్ రెండు ప్లేట్లు తిన్నాడు. నెల తర్వాత ఆయన కడుపునిండా తినడం చూశాను.

షేర్ ఆటోలో తొమ్మిదింటికి స్కానింగ్ సెంటర్‌కు చేరాం. మాకంటే ముందు ఐదుగురున్నారు. కౌంటర్ దగ్గర డబ్బు కట్టించుకుని ఒక కాగితం చేతికిచ్చారు. తెలుగులోనే ఉంది, చదవడం నా వంతు. గుండెలో మిషన్ ఉందా? లేదు. ఎముకలకు రాడ్లు వేశారా? లేదు. ఒంట్లో ఎక్కడైనా లోహం ఉందా?

"ఉస్తాద్, ఒంట్ల ఇనుమేమన్న ఉన్నదా?"

ఆయన మొహం పక్కకు తిప్పాడు. గోడమీది బొమ్మ చూస్తున్నాడనుకున్నాను. "లేదు రాసుకో" అన్నాడు.

లేదు అన్న గడిలో టిక్కు పెట్టాను. దానిగురించి నేనూ ఆలోచించలేదు. గనిలో పనిచేసిన ప్రతివాడి అరచేతిలోనూ, ముంజేతిలోనూ ఉలి అంచులనుంచి ఎగిరి దిగిన నల్లటి చుక్కలు ఉంటాయి. నాకు నాలుగున్నాయి. వాటిని ఎవరూ తీయించుకోరు. పనితనం అబ్బిన గుర్తులంటాం, పుట్టుమచ్చల్లో కలిపేస్తాం. వాటిని లోహం అనుకోవాలని మా వాళ్లలో ఎవరికీ తట్టదు.

పదకొండున్నరకు పిలుపొచ్చింది. యంత్రం గది తలుపు తెరిచే ఉంది. లోపల యంత్రం తెల్లగా, గుండ్రంగా, పెద్ద బావి ఒడ్డును పక్కకు పడుకోబెట్టినట్టుంది. మనిషి లేకపోయినా టక్ టక్ మని ఊపిరి తీస్తున్నట్టు చప్పుడు. టెక్నీషియన్ మా కొడంగల్ వైపు పిల్లగాడే. బెల్టు, తాళాలు, ఫోన్, ఉంగరం అన్నీ తీసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టమన్నాడు. ఉస్తాద్ చొక్కా విప్పి, వాళ్లిచ్చిన పచ్చ గౌను వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అందులో ఆయన్ను చూసి నేనూరుకోగలనా?

"తమ్మీ, మా ఉస్తాద్ చేతులల్ల దిగిన ఇనుప ముక్కలు గూడ తీసి డబ్బాల ఎయ్యాల్నా? అవి తీస్తే ఆయన బరువు సగమైతది!"

ఆ పిల్లవాడు ఉస్తాద్ భుజం పట్టుకుని ఆపాడు. "ఏం ముక్కలు?"

నా అరచేయి చూపించాను. ఉలి ముక్కలని చెప్పాను. అతను నవ్వలేదు.

"కండ్లకెప్పుడన్న తాకిందా?"

"ఎడమ కన్ను గట్లనే పోయింది. కని అది రాయి."

అతను తలుపు మూసేశాడు. డాక్టరమ్మను అడిగి వచ్చి, ముందు కంటికి ఎక్స్‌రే తీయాలన్నాడు. ఫిజిక్స్‌లో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఈ ఎక్స్‌రేకే వచ్చిందని ఆ పిల్లవాడే చెప్పాడు, మా కంగారు తగ్గించడానికి.

పన్నెండుంబావుకు డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. తెరమీద ఉస్తాద్ పుర్రె ఉంది. ఎడమ కంటి గుంటలో, లోపలికి, మెంతిగింజలో సగమంత తెల్లటి గీత.

"ఇది ఇనుము" అందామె.

"రాయి మేడం. నేనక్కడనే ఉన్న. సమ్మెట నాదే" అన్నాను.

"రాయి ఇంత తెల్లగా, ఇంత పదునుగా కనిపించదు. ఇది లోహమే. అయస్కాంతంలో పెడితే ఇది కదులుతుంది. కదిలి ఎటు కోస్తుందో చెప్పలేం. మీరు ఆ మాట అనకపోయి ఉంటే లోపల పడుకోబెట్టేవాళ్లం."

వేరే రకం స్కాన్ తీయవచ్చు కానీ, ఆ నరం దగ్గర ఏముందో డాక్టర్‌కు కావలసినంత తేటగా అందులో తెలియదంది. హైదరాబాద్ కంటి ఆసుపత్రిలో ముందు ఆ ముక్కను తీయించాలి. అది ఉన్న చోటును బట్టి కన్నుతో సహా తీయాల్సి రావచ్చు. పుండు మానాక ఎమ్మారై. అప్పటిదాకా కుడి కన్ను ఆగుతుందా అని అడిగాను. అది చెప్పడానికే కదా ఎమ్మారై కావాల్సింది అంది, మెల్లగా.

నేను ఉస్తాద్ వైపు తిరిగాను. ఆయన తెరను చూడటం లేదు. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు.

కౌంటర్‌లో ఎమ్మారై డబ్బు తిరిగిచ్చారు. బస్టాండ్ దగ్గర హోటల్లో రెండు భోజనాలు తీసుకున్నాం. పొద్దున రెండు ప్లేట్లు తిన్న మనిషి ఇప్పుడు పప్పులో వేళ్లు పెట్టి కూర్చున్నాడు.

"నీకు తెల్సు" అన్నాను.

"తెల్సు."

"ఎప్పటిసంది?"

"గా పొద్దుమూకే, దెబ్బ తాకిన దినమే. ఒక కంటికి పట్టీ కట్టిచ్చుకొని గనికొచ్చిన. ఉలి తీసి చూస్తే తల అంచుకు ఒక తునక లేదు. విరిగిన జాగ కొత్త రూపాయి లెక్క మెరుస్తున్నది."

నేను పళ్లెం పక్కకు జరిపాను. చదివేవాళ్లకు చెప్పాలి కదా. సమ్మెట దెబ్బలకు ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ విచ్చుకున్న అంచులే విరిగి ఎగురుతాయి. అందుకని ప్రతి సాయంత్రం సానరాయి మీద ఆ అంచులు అరగదీయాలి. పది నిమిషాల పని. సమ్మెట వేసేవాడి పని. ఆ వారం రోజులు నేను సానరాయి దగ్గర కూర్చోలేదు. పిల్లలను పోగేసి గని మేస్త్రీ నడకను అనుకరిస్తూ అందరినీ నవ్విస్తున్నాను.

"ఉలి ఏం చేసినవ్?"

"గని గుంతల నీళ్లుండె గదా. అండ్ల ఇసిరేసిన."

పద్దెనిమిదేళ్లు. మా డబ్బా దగ్గర ఎంతమంది ముందు ఆ ఉలి ముచ్చట చెప్పి నవ్వించానో లెక్కలేదు. పొద్దున రైల్లో కూడా. ప్రతిసారీ ఆయన చుప్ బైట్ అని కిటికీవైపో, రోడ్డువైపో చూసేవాడు.

"పొద్దున కాగితంల లేదని ఎందుకు రాయిచ్చినవ్ ఉస్తాద్? అయస్కాంతమని ఆ మేడం చెప్పింది గదా!"

"పోయిన కన్నే గదా, ఏమన్న అయితే అయిందనుకున్న. ఉన్నదంటే ఎట్లొచ్చిందని నువ్వడుగుతవ్. అడిగితే చెప్పాలె." ఆయన గ్లాసు నాముందుకు జరిపాడు. "నీళ్లు తాగు. అప్పటికి నీకు లగ్గం కుదిరి పదిరోజులే అయింది. ఉలి సంగతి బయటవడితే మేస్త్రీ నిన్ను ఉంచుతుండెనా? పిల్లనిచ్చెటోళ్లు మాట మీద నిలుస్తుండిరా?"

"నేను రుద్దలే ఉస్తాద్. ఆ వారమంత రుద్దలే."

"గది గూడ తెల్సు. ఉలి పట్టుకున్నోనికి తెల్వదా? చూసుకోకుండ పట్టుకున్నది నేనే గద. సగం నాది."

సగం అని ఆయనే పంచాడు. నేను ఒప్పుకోలేదు, లేచి రెండు భోజనాల డబ్బూ కట్టి వచ్చాను.

నాలుగూ యాభై బండికి ఇంకా చాలా సేపుంది. బస్సులో వెళ్దామంటే ఉస్తాద్ వద్దన్నాడు, కుదుపులకు తలనొప్పి వస్తుందట. ప్లాట్‌ఫాం మీద చెట్టు కింద సిమెంటు బెంచీపై కూర్చున్నాం. భాబీ ఫోన్ చేసింది. "అయింది, మల్లొకటి తియ్యాల్నట" అని మాత్రం చెప్పాడు. నేను అక్కడ కూర్చుని, బడి మానేసినవాడికి తోచినంతలో లెక్క వేసుకున్నాను. ఎక్కడో ఏ దేశంలోనో కొందరు పరమాణువు నడుమ గింజ ఎట్లా తిరుగుతుందని అడిగారు. ఏ రోగి మొహమూ వాళ్ల కళ్లముందు లేదు. ఆ ప్రశ్న చేతులు మారుతూ, బహుమతులు తెచ్చుకుంటూ, సముద్రాలు దాటి వికారాబాద్ దాకా వచ్చింది. కత్తి పెట్టకుండా మహబూబ్ ఉస్తాద్ తలలోని పగులును విని చెప్పడానికి సిద్ధంగా నిలబడింది. ఇంత దూరం వచ్చినది ఇంకో నాలుగడుగులు వేయలేకపోయింది. పది నిమిషాలు సానరాయి దగ్గర కూర్చోకపోయిన ఒకడివల్ల.

బండి వేళకే వచ్చింది. సాయంత్రపు జనం, కూలి ముగించుకున్న ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు. ఒకామె ఉస్తాద్‌ను చూసి జరిగి జాగా ఇచ్చింది. పక్కనుంచి ఎవరో ఆయన భుజానికి తగిలినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాడు. వచ్చేది కనిపించడం లేదు. నేను లేచి ఆ పక్కకు అడ్డంగా నిలబడ్డాను.

ధారూర్ దాటాక ఆయన నన్ను వంగమని సైగ చేశాడు.

"తియ్యమందాం" అన్నాడు. "కన్నుతోని పోతే పోనీ. మట్టిల కలిసేనాటికి మొత్తం ఒంటితోని పోదామనుండె. నక్కో, ఇగ అది వద్దు. గీ కన్ను మిగిలితే చాలు. నీ భాబీ మొహమన్న కనవడుతది."

"ఎల్లుండే పోదాం ఉస్తాద్. పొద్దటి బండికి."

"ఒక్క మాట. తీసినంక గా ముక్కను డబ్బాల వెట్టి చూపెడ్తరట. టెక్నీషియన్ పోరడు చెప్పిండు. నువ్వు లోపటికి రావొద్దు. దాన్ని చూడొద్దు."

"ఎందుకు?"

"చూస్తే మల్ల నన్ను నవ్వియ్యవు. నువ్వు నవ్వియ్యకుంటే గా కన్ను నాకు రెండుసార్లు పోయినట్టు."

నేను నిటారుగా నిలబడి పైన పెట్టిన సంచులను చూశాను. కిందికి చూస్తే ఆయనకు నా మొహం కనిపిస్తుంది. ఎదురుగా ఉన్నది ఆయనకింకా కనిపిస్తుంది.

ఆరూ పదికి తాండూరులో దిగాం. ఈ దారిన వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పొద్దటి ప్యాసింజర్‌కు వెళ్తే సెంటర్ తెరిచే వేళకు చేరుకోవచ్చు. ఉలి పట్టినవాళ్లు, వెల్డింగ్ చేసినవాళ్లు, ఇనుము గీకినవాళ్లు మీలో ఉంటే, వాళ్లు అడిగినా అడగకపోయినా ఒంట్లో దిగిన ప్రతి చుక్కనూ ముందే చెప్పండి. సమ్మెట వేసే చేతులుంటే ఈ సాయంత్రం ఉలి తల రుద్దండి. ఎంత గొప్ప బుర్రలు ఎన్ని గొప్ప బహుమతులు తెచ్చుకున్నా, అవి మన ఒంటిదాకా రావాలంటే మధ్యలో మన చేతులున్నాయి.

ఎల్లుండి హైదరాబాద్ వెళ్తున్నాం. ఆయన వద్దన్నా నేను లోపలికి వెళ్తాను, ఆ డబ్బా మూత తీయించుకుని ఆ ముక్కను చూస్తాను. చూసి బయటికి వచ్చి ఆయన్ను నవ్వించాలి. ఏమని నవ్వించాలో ఇంకా దొరకలేదు.